మెకానికల్ వాచీ తీసుకోవాలా, క్వార్ట్జ్ తీసుకోవాలా? తేల్చుకునే పద్ధతి

"రెండిట్లో ఏది మంచిది?" అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. రోజూ పెట్టుకునే మనిషి చేతికి హాయిగా నడిచే వాచీ, నెలకు రెండుసార్లు మాత్రమే తీసి పెట్టుకునే మనిషికి విసుగు తెప్పిస్తుంది. అందుకే మోడళ్ళు చూడటం మొదలుపెట్టే ముందు మీ వాడకం సంగతి తేలాలి. వారంలో ఎన్ని గంటలు అది మీ చేతికి ఉంటుంది? ఎన్ని సెకన్ల తేడా వస్తే మీకు చిరాకు? సర్వీసు చేయించే ఓపిక ఉందా? ఈ మూడూ తేలితే మిగతా పని తేలిక.

కింద ఉన్న క్రమం మార్చకండి. చాలామంది డయల్ నచ్చి వాచీ కొనేసి, లోపల ఏముందో తర్వాత తెలుసుకుంటారు. ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి.

1. లోపల ఏం జరుగుతోందో ముందు తెలుసుకోండి

క్వార్ట్జ్ వాచీలో ఒక చిన్న సెల్లు, ఒక క్వార్ట్జ్ స్ఫటికం, ఒక సర్క్యూట్, ఒక బుల్లి మోటారు ఉంటాయి. కరెంటు అందగానే స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. సర్క్యూట్ ఆ సంఖ్యను 15 సార్లు సగం చేసుకుంటూ వచ్చి సెకనుకు ఒక్క దెబ్బగా మారుస్తుంది. ఆ దెబ్బకు మోటారు ఒక అడుగు కదులుతుంది. సెకన్ల ముల్లు టిక్కు టిక్కుమంటూ ఆగి ఆగి నడిచేది అందుకే.

మెకానికల్ వాచీలో సెల్లు ఉండదు. మీరు కీ ఇచ్చినప్పుడో, చేయి ఊపినప్పుడో ఒక స్ప్రింగు చుట్టుకుంటుంది. అది విప్పుకుంటూ పళ్ళ చక్రాలను తిప్పుతుంది. ఆ తిరుగుడు ఒక్కసారిగా అయిపోకుండా బ్యాలెన్స్ చక్రం, దానికి ఉన్న వెంట్రుకంత సన్నని స్ప్రింగు కలిసి అడ్డుకుంటాయి. ఈ చక్రం సాధారణంగా గంటకు 21,600 సార్లో 28,800 సార్లో కొట్టుకుంటుంది. అంటే సెకనుకు 6 లేదా 8 సార్లు. అందువల్ల ముల్లు జారుతున్నట్టు కనిపిస్తుంది.

స్ఫటికం కంపన వేగం చేయి ఏ కోణంలో ఉన్నా దాదాపు మారదు. బ్యాలెన్స్ చక్రం అలా కాదు. భూమ్యాకర్షణ, వేడి, అయస్కాంతం, నూనె ఎండిపోవడం, స్ప్రింగులో మిగిలిన బలం, అన్నీ దాని మీద పనిచేస్తాయి. ఖర్చు, టైము, సర్వీసు విషయాల్లో ఈ రెండు రకాల మధ్య కనిపించే తేడాలన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి.

2. ఒక వారం మీ అలవాటు రాసుకోండి

ఈ మెట్టును దాదాపు అందరూ దాటేస్తారు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఇప్పుడు మీ దగ్గర ఏ వాచీ ఉన్నా, దాన్ని పెట్టుకుని ఏడు రోజులు ఈ కింది విషయాలు రాయండి.

- పొద్దున ఎన్నింటికి పెట్టుకున్నారు, ఎన్నింటికి తీశారు
- వారాంతంలో పెట్టుకున్నారా, పెట్టెలో ఉంచేశారా
- ఎక్కువసేపు కూర్చుని చేసే పనా, చేతులు కదిలే పనా
- చేతికి ఉండగా నీళ్ళలో పెట్టారా, ఈత కొట్టారా, స్నానం చేశారా
- సుత్తి, డ్రిల్లు, బ్యాటు, రాకెట్ లాంటివి పట్టుకున్నారా
- టైము చూసినప్పుడు నిమిషం చాలనిపించిందా, సెకన్లు కూడా కావలసి వచ్చాయా
- దగ్గరలో అయస్కాంతం ఉన్న వస్తువులు ఏమున్నాయి: స్పీకర్లు, ట్యాబ్లెట్ కవర్లు, అయస్కాంతం బొత్తం ఉన్న సంచులు

ఈ జాబితాలో మొదటి రెండు ప్రశ్నల మీద కాసేపు ఆగండి. మామూలు ఆటోమేటిక్ వాచీ, అంటే చేయి కదలికతో తనంతట తానే స్ప్రింగు చుట్టుకునే మెకానికల్ వాచీ, పూర్తిగా నిండితే సుమారు 40 గంటలు నడుస్తుంది. శుక్రవారం రాత్రి తీసి పక్కన పెడితే సోమవారం పొద్దునకు ఆగిపోయి ఉంటుంది. అప్పుడు టైము, తేదీ, వారం పేరు ఉంటే అది కూడా సరిచేసుకోవాలి. వారానికి ఒకసారి ఆ పని సరదాగా అనిపించేవాళ్ళు ఉన్నారు. హడావుడిగా బయల్దేరే వేళ ప్రాణం తీసినట్టు అనిపించేవాళ్ళూ ఉన్నారు. మీరు ఏ రకమో మీకే తెలియాలి.

రోజంతా కూర్చుని కీబోర్డు మీద పనిచేసేవాళ్ళకు ఇంకో సంగతి. రోజంతా చేతికి ఉన్నా చేయి కదలకపోతే ఆటోమేటిక్ వాచీ పూర్తిగా నిండదు. రాత్రి తీసి పెట్టాక తెల్లవారేలోపు ఆగిపోవచ్చు. దాన్ని వాచీ లోపం అనుకుని రిపేరుకు ఇచ్చేవాళ్ళు చాలామంది.

3. ఎన్ని సెకన్ల తేడా మీకు పరవాలేదో తేల్చుకోండి

రోజుకు 86,400 సెకన్లు. రోజుకు 5 సెకన్లు తేడా వచ్చే మెకానికల్ వాచీ 0.006 శాతం కూడా తప్పడం లేదు. చిన్న స్ప్రింగు, పళ్ళ చక్రాలతో అంత దగ్గరగా నడవడం నిజంగా గొప్ప పనితనం. అయినా నెల తిరిగేసరికి రెండున్నర నిమిషాలు అవుతుంది. రెండు లెక్కలూ నిజమే. మీ అవసరానికి ఏ లెక్క వర్తిస్తుందో చూసుకోండి.

తయారీదారులు ప్రకటించే హద్దులు సుమారుగా ఇలా ఉంటాయి:

- మామూలు క్వార్ట్జ్: నెలకు 15 నుంచి 20 సెకన్ల లోపు
- ప్రత్యేకంగా తీర్చిన క్వార్ట్జ్: గ్రాండ్ సీకో 9ఎఫ్ ఏడాదికి 10 సెకన్ల లోపు, లాంజీన్ వీహెచ్‌పీ ఏడాదికి 5 సెకన్ల లోపు
- సీకో ఎన్‌హెచ్35 ఆటోమేటిక్ (ఇది వాచీ పేరు కాదు, వాచీ లోపల ఉండే యంత్రం పేరు; కింది మియోటా కూడా అంతే): రోజుకు 20 సెకన్లు వెనక నుంచి 40 సెకన్లు ముందు వరకు
- మియోటా 9015 ఆటోమేటిక్: రోజుకు 10 వెనక నుంచి 30 ముందు వరకు
- స్విస్ సంస్థ సీఓఎస్‌సీ పరీక్షించిన క్రోనోమీటర్ (కచ్చితంగా నడుస్తుందని పరీక్షలో తేలిన మెకానికల్ వాచీ): సగటున రోజుకు 4 వెనక నుంచి 6 ముందు వరకు

మెకానికల్ అంకెలు రోజుకు, క్వార్ట్జ్ అంకెలు నెలకో ఏడాదికో ఉన్నాయని గమనించండి. ఈ ఒక్క మాట సరిగా చదవక నిరాశపడినవాళ్ళు ఎందరో. పైగా ఇవి హద్దులు మాత్రమే. ఎన్‌హెచ్35 ఉన్న వాచీ రోజుకు 5 సెకన్లే తేడా చూపించవచ్చు, 30 కూడా చూపించవచ్చు. రెండూ తయారీదారు లెక్కలో సరైనవే. 25 సెకన్లు ముందుకు పోతోందని వారంటీ కింద తిరిగి ఇస్తే తీసుకోకపోవచ్చు.

పరీక్ష గది, రైలు, ప్రసారం, వైద్యం లాంటి చోట్ల టైము మీద ఆధారపడేవాళ్ళకు నా సలహా సూటిగా క్వార్ట్జే.

4. నిర్ణయం ఈ వరుసలో తీసుకోండి

కింది ప్రశ్నలకు పైనుంచి కిందికి జవాబు చెప్పుకుంటూ రండి. ఎక్కడ "అవును" వస్తే అక్కడ ఆగండి.

1. ఇది మీ ఏకైక వాచీనా, సెకన్లు కూడా అవసరమా? క్వార్ట్జ్ తీసుకోండి.
2. దెబ్బలు, అదురు తగిలే పని లేదా ఆట ఆడుతూ వాచీ పెట్టుకుంటారా? క్వార్ట్జ్.
3. క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచ్ సదుపాయం, నిజంగా వాడతారా? క్వార్ట్జ్. మెకానికల్ క్రోనోగ్రాఫ్ చూడటానికి ఎంత బాగుంటుందో సర్వీసుకు అంత ఖర్చు.
4. వేళ్ళ నొప్పులవల్ల కీ తిప్పడం, లాగడం కష్టమా? సోలార్ క్వార్ట్జ్.
5. నెలలో కొన్ని రోజులే పెట్టుకుంటారా? క్వార్ట్జ్. మెకానికలే కావాలనుకుంటే తేదీ లేనిది.
6. మీకు అందే దూరంలో మెకానికల్ సర్వీసు తెలిసినవాళ్ళు లేరా? క్వార్ట్జ్.
7. రోజూ పెట్టుకుంటారా, లోపలి యంత్రం మీద ఇష్టం ఉందా, కొన్ని సెకన్ల తేడా పట్టదా? మెకానికల్ ధైర్యంగా తీసుకోండి.

ఏడింటిలో ఆరు క్వార్ట్జ్ వైపు పోయాయని మెకానికల్‌ను తక్కువ చేసినట్టు అనుకోవద్దు. ఏడో ప్రశ్నకు మనస్ఫూర్తిగా "అవును" అనగలిగినవాళ్ళకు అది ఇచ్చే తృప్తి వేరు. వెనక అద్దంలోంచి బ్యాలెన్స్ చక్రం కొట్టుకోవడం చూస్తే అది అర్థమవుతుంది. కానీ ఆ ఇష్టం లేకుండా, "మెకానికల్ అయితే గౌరవం" అని మాత్రం కొనకండి. చూసేవాళ్ళలో చాలామందికి ఆ తేడా కనిపించదు, సర్వీసు మాత్రం మీరే చేయించాలి.

5. క్వార్ట్జ్ అని తేలితే: ఏ రకం?

మామూలు సెల్లు వాచీ సాధారణంగా 2 నుంచి 5 ఏళ్ళు నడుస్తుంది. కొన్ని డిజిటల్ మోడళ్ళు 10 ఏళ్ళు కూడా వస్తాయి. ధర తక్కువ, మందం తక్కువ, తలనొప్పి తక్కువ.

సోలార్ వాచీ డయల్ మీద పడే వెలుతురుతో చార్జ్ అవుతుంది. సిటిజెన్ ఎకో-డ్రైవ్, కాసియో టఫ్ సోలార్ ఈ రకమే. మామూలు గది వెలుతురు కూడా పనికొస్తుంది, కానీ ఎండతో పోలిస్తే బాగా నెమ్మది. ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కా కింద దాగి ఉంటే వారానికి కొన్ని గంటలు కిటికీ దగ్గర పెట్టాలి. రోజువారీ వాడకానికి ఒక్క వాచీ అడిగితే నేను ముందు సూచించేది ఇదే.

రేడియో, జీపీఎస్, బ్లూటూత్‌తో టైము సరిచేసుకునేవి మూడో రకం. రేడియో రకంలో ఒక చిక్కు ఉంది. టైము సంకేతం పంపే కేంద్రాలు కొన్ని దేశాల్లోనే ఉన్నాయి. మీరు ఉండే చోటికి ఆ సంకేతం అందకపోతే అది మామూలు క్వార్ట్జ్‌లాగే నడుస్తుంది, మీరు కట్టిన అదనపు ధర వృథా.

క్వార్ట్జ్ కొనేటప్పుడు ప్రత్యేకంగా చూడాల్సింది ఒకటుంది. సెకన్ల ముల్లు డయల్ చుట్టూ గీతల మీదే ఆగుతోందా? ఒక పూర్తి నిమిషం కళ్ళార్పకుండా చూడండి. గీతల మధ్యలో ఆగే ముల్లు టైముకు నష్టం చేయదు, కానీ ఒకసారి కంట పడిందంటే రోజూ గుచ్చుకుంటుంది. కొన్నాక దాన్ని లోపంగా ఒప్పుకోని కంపెనీలు ఉన్నాయి.

6. మెకానికల్ అని తేలితే: ఏ రకం?

ముందు కీ ఇచ్చేదా, ఆటోమేటికా తేల్చండి.

కీ ఇచ్చే వాచీకి రోజూ దాదాపు ఒకే వేళకు కీ తిప్పాలి. పలచగా ఉంటుంది, లోపల భాగాలు తక్కువ. తిప్పుతూ ఉంటే ఒకచోట గట్టిగా అడ్డు తగులుతుంది. అక్కడ ఆపేయాలి, బలవంతం చేయకూడదు.

ఆటోమేటిక్‌లో అర్ధచంద్రాకారపు బరువు ఒకటి చేయి కదలికకు తిరిగి స్ప్రింగును చుడుతుంది. స్ప్రింగు నిండాక జారిపోయే ఏర్పాటు ఉంటుంది కాబట్టి ఎక్కువైపోతుందన్న భయం అక్కర్లేదు. దాని మందం మాత్రం ఎక్కువ. సన్నని మణికట్టు ఉన్నవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

తర్వాత వాచీని నడిపించే లోపలి యంత్రం, అంటే మూవ్‌మెంట్ పేరు కనుక్కోండి. అమ్మేవాళ్ళు చెప్పలేకపోతే కంపెనీ వివరాల్లో వెతకండి. అక్కడా లేకపోతే ఆ వాచీ వదిలేయండి. పేరు తెలిస్తే మూడు విషయాలు తెలుస్తాయి:

- పూర్తిగా నిండితే ఎన్ని గంటలు నడుస్తుంది. ఎన్‌హెచ్35 సుమారు 41, ఈటీఏ 2824-2 సుమారు 38, సీకో 6ఆర్35 సుమారు 70, పవర్‌మ్యాటిక్ 80 పేరులో ఉన్నట్టే 80.
- కీ లాగితే సెకన్ల ముల్లు ఆగుతుందా. ఆగకపోతే సెకను సరిచూసి టైము పెట్టడం కష్టం.
- చేత్తో కూడా కీ ఇవ్వొచ్చా. సీకో పాత 7ఎస్26 లాంటివాటికి ఈ రెండు సదుపాయాలూ లేవు, చేత్తో ఊపి నడిపించుకోవాలి.

వారాంతంలో వాచీ తీసేసేవాళ్ళకు 70 గంటలు దాటిన మూవ్‌మెంట్ పెద్ద వరం. శుక్రవారం సాయంత్రం నిండుగా తీసి పెట్టినా సోమవారం పొద్దున ఇంకా నడుస్తూ ఉంటుంది. ఆ ఒక్క కారణానికి కొంచెం ఎక్కువ పెట్టినా తప్పు లేదనుకుంటాను.

తేదీ గురించి వేరేగా చెప్పాలి. రోజూ పెట్టుకునే వాచీకి తేదీ ఉపయోగమే. అప్పుడప్పుడు పెట్టుకునే మెకానికల్ వాచీకి మాత్రం తేదీ అదనపు చాకిరీ. తేదీ లేనిదైతే తీసిన వెంటనే కీ ఇచ్చి, ముళ్ళు తిప్పి బయల్దేరిపోవచ్చు. నాలుగైదు వాచీలు మార్చి మార్చి పెట్టుకునేవాళ్ళు మెకానికల్‌లో తేదీ లేనివే ఏరుకుంటే సుఖపడతారు.

ఇక స్ప్రింగ్ డ్రైవ్. ఇది సీకో పద్ధతి. బలం స్ప్రింగు నుంచి వస్తుంది, వేగాన్ని క్వార్ట్జ్ అదుపు చేస్తుంది. సెల్లు ఉండదు, తేడా రోజుకు సుమారు ఒక సెకను. ధర ఎక్కువ కాబట్టి మొదటి వాచీగా చూడనక్కర్లేదు, కానీ రెండు రకాల మధ్య ఊగిసలాడేవాళ్ళు ఇలాంటిది ఉందని తెలుసుకోవాలి.

7. నీళ్ళ గురించి డయల్ మీద అంకెలు

30 మీటర్లు అని ఉంటే 30 మీటర్ల లోతుకు పోవచ్చని కాదు. చేయి కడుక్కునేటప్పుడు పడే తుంపరలు, చినుకులు తట్టుకుంటుందని అర్థం. 50 అయితే కొంచెం నయం. ఈత కొట్టేవాళ్ళు 100 నుంచి మొదలుపెట్టాలి. సముద్రంలో దిగి డైవింగ్ చేసేవాళ్ళు ఐఎస్‌ఓ 6425 ప్రమాణం ప్రకారం డైవర్స్ అని రాసి ఉన్న వాచీ చూడాలి.

ఈ విషయంలో మెకానికల్, క్వార్ట్జ్ తేడా లేదు. కాపాడేది కేసు (వాచీ బయటి గూడు), కీ, రబ్బరు వాషర్లు. రబ్బరు పాతబడుతుంది. వేడినీళ్ళ స్నానం, ఆవిరి గది దాన్ని ఇంకా త్వరగా పాడుచేస్తాయి.

8. చేతికి పెట్టుకుని చూసేటప్పుడు

ఆన్‌లైన్‌లో కొన్నా వెనక్కి ఇచ్చే గడువులోపే ఇవి చూసేయండి.

- వాచీకి పట్టీ తగిలించే పైకొమ్ముల నుంచి కిందికొమ్ముల వరకు ఉన్న పొడవు మీ మణికట్టు వెడల్పు దాటిందా? దాటితే పెద్దది. డయల్ వ్యాసం కంటే ఈ కొలత ముఖ్యం.
- మందం ఎంత? చొక్కా చేతి గుండీ పెట్టుకుని చూడండి.
- కీ లాగినప్పుడు ప్రతి మెట్టూ స్పష్టంగా తెలుస్తోందా? మరతో బిగించే కీ అయితే సాఫీగా ఎక్కుతోందా?
- ముళ్ళు తిప్పితే 12 దగ్గర గంట, నిమిషం ముళ్ళు కలుస్తున్నాయా?
- అద్దం లోపల దుమ్ము, వెంట్రుక, ఆవిరి ఉన్నాయా?
- ఆటోమేటిక్ అయితే మెల్లగా ఊపి చెవి దగ్గర పెట్టండి. బరువు తిరిగే సవ్వడి మామూలే. ఏదో ఊడి గలగలమన్నట్టు ఉంటే వద్దు.
- పట్టీ వెడల్పు 18, 20, 22 మిల్లీమీటర్లలో ఒకటా? అయితే తర్వాత మార్చుకోవడం సులువు.

ముల్లు జారుతున్నట్టు నడిచినంత మాత్రాన మెకానికల్ అనుకోవద్దు. బులోవా ప్రెసిషనిస్ట్ లాంటి కొన్ని క్వార్ట్జ్ వాచీల్లోనూ సెకన్ల ముల్లు జారుతూ నడుస్తుంది. డయల్‌కు రంధ్రం చేసి లోపల బ్యాలెన్స్ చక్రం బొమ్మ పెట్టిన చవక క్వార్ట్జ్‌లు కూడా తిరుగుతున్నాయి. చక్రం నిజంగా అటూ ఇటూ ఊగుతోందో లేదో చూడండి.

9. కొన్నాక మొదటి రెండు వారాలు

వాచీ ఎలా నడుస్తోందో రెండు రోజుల్లో తేల్చేయకండి. ఇలా చేయండి.

1. మెకానికల్ అయితే ముందు పూర్తిగా కీ ఇవ్వండి. ఆగిపోయిన ఆటోమేటిక్‌కు కనీసం 20 చుట్లు.
2. ఫోన్ టైము చూసి సెకన్ల ముల్లు 12 మీదకు వచ్చినప్పుడు కీ లాగి ఆపండి. ఫోన్‌లో నిమిషం మారగానే కీ లోపలికి నొక్కండి.
3. రోజూ అదే వేళకు తేడా రాసుకోండి. మెకానికల్‌కు ఏడు రోజుల సగటు తీయండి. క్వార్ట్జ్‌కు రోజూ చూడటం అనవసరం, నెల తర్వాత ఒకసారి చూస్తే చాలు.
4. రెండో వారంలో మెకానికల్ వాచీని రాత్రిపూట వేర్వేరు భంగిమల్లో పెట్టండి: ఒక రాత్రి డయల్ పైకి, ఒక రాత్రి కీ పైకి, ఒక రాత్రి కీ కిందికి. ఏ భంగిమలో ముందుకు పోతోందో, ఎందులో వెనకబడుతోందో రాసుకోండి.

నాలుగో మెట్టు నిజంగా పనికొచ్చేది. పగలు చేతికి ఉండగా 6 సెకన్లు ముందుకు పోయే వాచీని రాత్రి వెనకబడే భంగిమలో పెడితే వారానికి తేడా చాలావరకు సర్దుకుంటుంది. రిపేరు వాళ్ళ దగ్గరకు వెళ్ళనవసరం లేదు. ఏ భంగిమకు ఎంత అన్నది వాచీ వాచీకీ వేరు కాబట్టి ఇంకొకరి లెక్క మీకు పనికిరాదు.

10. తరచుగా జరిగే పొరపాట్లు, సరిచేసే దారి

రాత్రి వేళ తేదీ మార్చడం. చాలా మెకానికల్ వాచీల్లో రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 వరకు తేదీ మార్చే చక్రాలు ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. ఆ వేళ కీతో తేదీ తిప్పితే పళ్ళు విరగవచ్చు. కొన్ని క్వార్ట్జ్ వాచీలకూ ఇది వర్తిస్తుంది. పద్ధతి ఇది: ముందు ముళ్ళు ముందుకు తిప్పి తేదీ ఎప్పుడు మారుతుందో చూడండి, అది రాత్రి 12 అని గుర్తు. మరికొంత తిప్పి ముళ్ళను పొద్దున 6 దాటించండి. ఇప్పుడు తేదీని నిన్నటి అంకెకు తెండి. తర్వాత ముళ్ళను ముందుకే తిప్పి ఇవాళ్టి తేదీకి, టైముకు రండి. మధ్యాహ్నం దాటి ఉంటే 12 అంకెను మరోసారి దాటించాలి.

ఉన్నట్టుండి ముందుకు పరిగెత్తడం. నిన్నటిదాకా బాగున్న మెకానికల్ వాచీ ఇవాళ నిమిషాల కొద్దీ ముందుకు పోతుంటే మొదట అనుమానించాల్సింది అయస్కాంతాన్ని. సన్నని స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, చక్రం వేగం పెరుగుతుంది. ఒక దిక్సూచి తెచ్చి వాచీని దాని మీదుగా మెల్లగా జరపండి. దిక్సూచి ముల్లు గట్టిగా ఊగితే అదే కారణం కావచ్చు. డీమ్యాగ్నెటైజర్ అనే చిన్న పరికరంతో క్షణాల్లో పోతుంది. వాచీని దగ్గర పెట్టి బొత్తం నొక్కి, నొక్కి ఉంచుతూనే మెల్లగా చేయి పొడవు దూరం తీసుకెళ్ళి అప్పుడు వదలాలి. దగ్గర ఉండగానే వదిలేస్తే మళ్ళీ అంటుకునే ప్రమాదం ఉంది.

అయస్కాంతం దగ్గర క్వార్ట్జ్ ఆగిపోవడం. ముళ్ళున్న క్వార్ట్జ్‌లో మోటారు ఆగుతుంది, దూరం జరిపితే మళ్ళీ నడుస్తుంది. పాడైపోలేదు. టైము పెట్టుకుంటే సరి. రాత్రిళ్ళు వాచీని స్పీకర్ మీదో ట్యాబ్లెట్ కవరు మీదో పెట్టే అలవాటు మానేయండి. అరచేయి దూరం చాలు.

సెకన్ల ముల్లు 2 లేదా 4 సెకన్లు చొప్పున గెంతడం. ఇది చాలా క్వార్ట్జ్ వాచీల్లో సెల్లు అయిపోతోందన్న హెచ్చరిక. టెన్షన్ పడాల్సింది లేదు. సోలార్ అయితే వెలుతురులో పెట్టండి, లేకపోతే సెల్లు మార్పించండి.

అయిపోయిన సెల్లును లోపలే వదిలేయడం. క్వార్ట్జ్ వాచీలు చచ్చిపోయేది ఎక్కువగా ఇందువల్లే అని నా అభిప్రాయం. సెల్లు కారితే సర్క్యూట్‌ను తినేస్తుంది. ఆగిపోయిన వాచీని "తర్వాత చూద్దాం" అని సొరుగులో పడేయకండి, కనీసం సెల్లు తీయించండి.

సెల్లు మార్చాక నీళ్ళలో దిగడం. వెనక మూత తెరిచారంటే రబ్బరు వాషర్ కదిలినట్టే. కొత్త వాషర్ వేయించి, నీటి ఒత్తిడి పరీక్ష చేయించేవరకు నీళ్ళకు దూరంగా ఉంచండి. ఆ పరీక్ష చేసే సాధనం ఉన్న చోటే సెల్లు మార్పించుకోవడం మంచిది.

కీ బిగించడం మరిచిపోవడం. మరతో బిగించే కీ వదులుగా ఉంటే 200 మీటర్ల వాచీలోకి కూడా నీళ్ళు పోవచ్చు. లోపల ఆవిరి కనిపిస్తే ఎండలో పెట్టడం, బియ్యంలో దాచడం లాంటివి చేయకండి. మెకానికల్‌లో తుప్పు పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు. అదే రోజు తెరిపించండి.

ఆటోమేటిక్‌ను ఊపి ఊపి నడిపించడం. చేత్తో కీ ఇచ్చే సదుపాయం ఉంటే అదే వాడండి. లేకపోతే అడ్డంగా, మెల్లగా ఊపండి. విదిలించనవసరం లేదు.

11. సర్వీసు ముందే మాట్లాడుకోండి

మెకానికల్ వాచీలో నూనె కొన్నేళ్ళకు ఎండిపోతుంది, లేదా చోటు మారుతుంది. సుమారు 5 ఏళ్ళకు ఒకసారి విప్పి, కడిగి, నూనె వేసి, సరిచేయించాలన్నది సాధారణ లెక్క. కొన్ని కంపెనీలు ఇంకా ఎక్కువ గడువు చెబుతాయి. గడువు కంటే లక్షణాలు ముఖ్యం: నిండా కీ ఇచ్చినా ముందున్నంతసేపు నడవడం లేదు, భంగిమను బట్టి తేడా బాగా పెరిగింది, వెనకబడటం మొదలైంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వాయిదా వేయకండి. ఎండిన నూనెతో నడిస్తే చక్రాల ఇరుసులు అరిగిపోతాయి, అప్పుడు ఖర్చు రెట్టింపు.

కొనే ముందే అడగాల్సినవి:

- ఈ మూవ్‌మెంట్‌ను ఎవరు సర్వీసు చేస్తారు, కంపెనీ వాళ్ళేనా, బయటివాళ్ళూ చేయగలరా
- ఒక సర్వీసుకు అయ్యే ఖర్చు వాచీ ధరలో ఎంత భాగం
- ఎన్ని వారాలు పడుతుంది
- విడిభాగాలు దొరుకుతాయా

సర్వీసు ఖర్చు వాచీ ధరలో సగం దాటుతోందంటే దానికి ఒక్కటే దారి. పాడైనప్పుడు మొత్తం మూవ్‌మెంట్ మార్పించాలి. ఎన్‌హెచ్35 లాంటివి విడిగా దొరుకుతాయి కాబట్టి ఆ దారి అందుబాటులో ఉంటుంది. అరుదైన మూవ్‌మెంట్ ఉన్న చవక వాచీకి ఆ దారీ ఉండదు, అందుకే అలాంటివి నేను సూచించను.

క్వార్ట్జ్‌కు ఇంత బాధ లేదు. సెల్లు మార్చినప్పుడల్లా వాషర్ చూపించండి. సోలార్ వాచీలో చార్జ్ నిలవ ఉంచే సెల్లు చాలా ఏళ్ళు మన్నుతుంది, దాన్నీ మార్చవచ్చు.

కొన్నాళ్ళు వాడకుండా దాచాలంటే రెండు రకాలకూ పద్ధతి వేరు. సోలార్‌ను పెట్టెలో మూసి పెట్టకండి, వెలుతురు పడే చోట ఉంచండి, నేరుగా మండే ఎండ వద్దు. మామూలు క్వార్ట్జ్‌ను నెలల తరబడి వాడరనుకుంటే సెల్లు తీయించి పెట్టండి. మెకానికల్‌ను తుడిచి, చెమట లేకుండా చేసి, పొడిగా ఉన్న చోట పెట్టండి. ఆగిపోయినా నష్టం లేదు. దాన్ని తిప్పుతూ ఉంచే పెట్టెలు కొనాల్సిన పని చాలామందికి ఉండదు. నెలకు ఒకసారి కొన్ని చుట్లు కీ ఇచ్చి కాసేపు నడవనివ్వండి.